చూచినది చూచినట్లు

శుక్రవారపు ఉదయమున, జుమా నమాజునకు ముందు దోహా నగరపు వీథులు అలికిడి లేకయుండు ఆ రెండు మూడు గంటలలో, నజ్మా పేటలో నలుగురు కలిసి అద్దెకుండు ఒక గదిలో, మంచముపై బాసిపట్లు వేసికొని, ఒడిలో దిండును దిండుపై ల్యాప్‌టాప్‌ను పెట్టుకొని, జగిత్యాల ప్రాంతమునుండి వచ్చిన నా మిత్రుడొకడు, నూరేండ్లకు పూర్వము పెన్సిల్వేనియాలోని ఒక న్యాయస్థానమున ప్రమాణము చేసిన బొగ్గుగని కూలివాని పేరును ఒక్కొక్క అక్షరముగా ఎత్తివ్రాయుచుండగా నేను చూచితిని.

ఆ కూలివాడు మా మిత్రునకు చుట్టము కాడు, పక్కము కాడు. మిత్రుడు ఒక నిర్మాణసంస్థలో టైమ్‌కీపర్. వారమునకు ఆరు దినములు తెల్లవారుజామున లేచి, మనవారు సనయ్య అని పిలుచుకొను పారిశ్రామికవాడలోని క్యాంపునకు పోయి, బస్సులెక్కు కూలీల హాజరు వ్రాసికొనుట అతని ఉద్యోగము. ఆరు దినములు జీతమునకు బ్రదికియున్నవారి పేర్లు, ఏడవనాడు జీతము లేకుండ, చనిపోయినవారి పేర్లు. అతని వారమంతయు పేర్లతోనే గడచుచున్నది. ఈ రెండవ పనిని లోకమంతయు ఇండెక్సింగ్ అనుచున్నది. తెలుగున సూచిక కూర్చుట యనవచ్చును. మా మిత్రుడు మాత్రము "ఎక్కించుడు" అనును. దస్త్రమునకు పద్దు ఎక్కించినట్లు, బండికి మనిషిని ఎక్కించినట్లు. ఆ మాటయే నాకు నచ్చినది.

"సార్, జర ఇటు సూడుండ్రి. ఇది 'యు'నా, 'ఎన్'నా?"

నేను అద్దాలు సవరించుకొని చూచితిని. ఆనాటి గుమాస్తాల గొలుసువ్రాతలో ఆ రెండక్షరములకును భేదము లేదు; రెండు చిన్న గూళ్లు, అంతే. మనిషి స్లోవాక్ దేశీయుడు కావున, వారి పేర్ల తీరు నాకేదో తెలిసినట్లు తలయూచి, "ఎన్ అయియుండును, యు అయినచో అది పేరే కాదు" అంటిని.

"పేరు అయితదా కాదా అన్నది మనకెందుకు సార్? కండ్లకు ఏం గనపడ్తే అదే కొట్టాలె. గదే రూలు."

స్వచ్ఛందముగా ఈ పనిచేయు లక్షలాది జనులకు ప్రపంచమంతటను మొదట చెప్పబడు సూత్రము నిజముగా అదియే: చూచినది వ్రాయుము, తోచినది వ్రాయకుము. గుమాస్తా తప్పు వ్రాసియుండిన ఆ తప్పునే ఎక్కించవలెను. వినుటకు ఇది యంత్రపుపనివలె తోచును. కాని పాఠపరిష్కరణము చేసిన పండితులను అడిగిచూడుడు. తాటాకుపై నున్నదానిని ఉన్నట్లు దింపుకొనగల లేఖకుడు, తనకు తెలిసినదానిని జొనుపు లేఖకునికంటె నూరురెట్లు అరుదని వారే చెప్పుదురు.

ఇంతకును ఆ కాగితములేవి? పరదేశమునుండి వచ్చి స్థిరపడినవాడు, పుట్టిననాటి ప్రభుభక్తిని విడనాడి, చేరిన దేశమునకు పౌరుడగునపుడు న్యాయస్థానమున మిగిలిపోవు పత్రములివి. అమెరికాలో 1906 సెప్టెంబరు వరకు ఈ వ్యవహారము ఇల్లు లేని సంసారమువలె నుండెను. దస్త్రముంచుకొను న్యాయస్థానమేదైనను పౌరసత్వము నీయవచ్చును, ఎవరి ఫారము వారిదే. కొన్నిటిలో మనిషి పేరు, విడనాడిన రాజు పేరు తప్ప మరేమియు ఉండదు. ఆ సంవత్సరపు శాసనముతో దేశమంతటికిని ఒకే నమూనా ఏర్పడెను. మొదట ఉద్దేశప్రకటనము, దానినే అక్కడి జనులు తొలికాగితము లనిరి; పిదప, మొత్తము ఐదేండ్ల నివాసము నిండినవెనుక, ఇద్దరు సాక్షులతో అర్జీ. పుట్టిన తేది, పుట్టిన ఊరు, ఎక్కిన ఓడ, దిగిన రేవు, భార్య పేరు, బిడ్డల పేర్లు, ఎత్తు, జుట్టు రంగు, కన్నుల రంగు, దేహముపై గుర్తులు, అన్నియు ఆ కాగితములలోనికి వచ్చినవి. జనాభా లెక్కలవాడు ఊరక "ఆస్ట్రియా" అని వ్రాసి పోయినచోట, ఈ కాగితము ఊరిపేరు చెప్పును. మునిమనుమనికి కావలసినది ఆ ఒక్క మాటయే గదా.

దేహముపై గుర్తులన్నచోట నేను కొంచెము ఆగితిని. మనవారిలో పదవతరగతి దాటిన ప్రతివానికిని ఈ గడి పరిచితమే. ఎడమచేతి మీద ఒక పుట్టుమచ్చ, మెడకు కుడిప్రక్కన ఒక పుట్టుమచ్చ అని సర్టిఫికెట్టులో ఉండును. మచ్చలు వెదకుటకై పంతులుగారు పిల్లవాని చొక్కాచేతులు పైకి మడచిన దృశ్యము ఎవరికి జ్ఞప్తిలో లేదు? ప్రభుత్వములు మనిషిని గుర్తించు విధానము సముద్రములకు అటునిటు ఒకటే.

కాగితములు భద్రముగానే యుండెను గాని, వేలకొలది న్యాయస్థానముల బైండు పుస్తకములలో మీ తాతగారెక్కడ నున్నారో చెప్పువాడు లేకుండెను. 1930ల మాంద్యకాలమున నిరుద్యోగులకు పని కల్పించు ప్రభుత్వపథకము క్రింద న్యూయార్కు, న్యూ ఇంగ్లండు ప్రాంతములలో 1787 మొదలు 1906 వరకుగల పౌరసత్వపత్రములకు ఛాయాప్రతులు తీసి, పేర్ల సూచిక కార్డులు తయారుచేసిరి. ఆకలి తీర్చుటకై పుట్టిన పని వంశశోధకులకు నిధియైనది. పిదప ఆ బాధ్యతను తలకెత్తుకొన్నది యూటా రాష్ట్రమున 1894లో పుట్టిన వంశావళి సంఘము, నేటి ఫామిలీసెర్చ్. అక్కడి మోర్మన్ మతస్థులు గతించిన పూర్వికుల పక్షమున దీక్షాస్నానము చేయుదురు. పేరు తెలియనిదే ఆ క్రియ జరుగదు. మన తర్పణములో పేరు, గోత్రము, మూడు తరములు చెప్పవలసివచ్చుట వంటిదే. పేరు మరచినచో నీళ్లు ఎవరికి విడుచుట?

2012లో అమెరికావారి 1940 నాటి జనాభా పట్టికలు వెల్లడియైనపుడు, లక్షా అరవై వేలకు మించిన స్వచ్ఛందసేవకులు, ఇంచుమించు అయిదు నెలలలో, 13 కోట్లకు పైబడిన పేర్లను ఎక్కించిరి. ఒకే పుటను ఒకరినొకరెరుగని ఇద్దరు వ్రాయుదురు. ఇద్దరికిని భేదము వచ్చినచోట మూడవవాడు తీర్పు చెప్పును. 1950 నాటి పట్టికలు 2022లో వెలువడునప్పటికి చేవ్రాతను చదువు యంత్రము వచ్చినది. యంత్రము చదివినదానిని మనుష్యులు సరిచూచిరి. మా మిత్రునకు యంత్రముపై పెద్ద గౌరవము లేదు. "అది మంచిగనే సదువుతది సార్, గని దానికి అనుమానం రాదు" అనును.

అక్షరదోషములను దాటుటకు అమెరికావారు కనిపెట్టిన యుపాయమొకటి నన్ను కొన్ని రాత్రులు మేల్కొలిపినది. 1918లోను 1922లోను పేటెంటులు పొందిన సౌండెక్స్ అను ఈ పద్ధతిలో పేరునందలి మొదటి అక్షరము నిలుచును, అచ్చులు రాలిపోవును, దగ్గరి ధ్వనులుగల హల్లులకు ఒకే అంకె వచ్చును. పేర్లను వ్రాతనుబట్టిగాక మ్రోతనుబట్టి పేర్చుట దీని మర్మము. నేను మన పేర్లపై దీనిని ప్రయోగించి చూచితిని. నాయుడు అను మాటను ఇంగ్లీషులో ఐ పెట్టి వ్రాసినను, వై పెట్టి వ్రాసినను, దక్షిణాఫ్రికావారివలె చివర రెండు ఓలు తగిలించినను, మూడింటికిని ఎన్-300 అనియే వచ్చినది! అప్పడు, మారిషస్‌లో ఒక పకారము జారవిడిచి చివర ఓలు చేర్చుకొన్న అపాడూ, ఇద్దరును ఏ-130. శభాష్ అనుకొంటిని. ఇక ఎల్లయ్య వద్దకు వచ్చితిని. మన గుమాస్తాలు ఎల్లయ్యను ఇంగ్లీషున వై అక్షరముతో మొదలుపెట్టుదురు; కొందరు ఈతో మొదలుపెట్టుదురు. మొదటి అక్షరము మారరాదు గావున ఒక ఎల్లయ్య వై-400, రెండవ ఎల్లయ్య ఈ-400. పల్లెలో ఎంకయ్యగా పుట్టి బడిలో వెంకయ్య యైనవాని గతియు ఇంతే. ఇంటిపేరు ముందో వెనుకో తెలియని అధికారిచేతిలో పడినచో సౌండెక్స్ కాదు, చిత్రగుప్తుడును మనవానిని పట్టుకొనలేడు.

యల్లాప్రగడ సుబ్బారావుగారినే చూడుడు. 1895లో భీమవరమున జన్మించిన ఆ మహాశాస్త్రజ్ఞుని ఇంటిపేరును అమెరికావారు పక్కకు నెట్టి, సుబ్బారావునే ఇంటిపేరుగా గ్రహించిరి. రక్తాదులలో భాస్వరమును కొలుచుటకు 1925లో ప్రకటితమైన ఫిస్క్-సుబ్బారో విధానము ఆ పొరపాటునే శాశ్వతము చేసినది. తెలుగువాడు ఆయనను యకారమున వెదకును, అమెరికా పట్టిక ఆయనను ఎస్ క్రింద దాచును. అయినను పౌరులైనవారి పట్టికలో ఆయన పేరు ఏ అక్షరము క్రిందను దొరకదు. 1923 ఫిబ్రవరి 19న భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యములో అమెరికా సుప్రీంకోర్టు, హిందూదేశీయుడు సామాన్యుని దృష్టిలో శ్వేతజాతివాడు కాడు కావున పౌరసత్వమునకు అనర్హుడని తీర్పుచెప్పెను. అదే యేడు అక్టోబరులో సుబ్బారావుగారు బోస్టన్ చేరిరి. 1946 జూలైలో ఆ నిషేధము తొలగి, ఏటికి నూర్గురు భారతీయులకు ప్రవేశమును, పౌరులగుటకు హక్కును లభించినవి. రెండేండ్లకు, 1948 ఆగస్టులో, ఆయన పౌరుడు కాకయే గతించిరి. తీర్పునకు ముందు పౌరులైన అక్షయకుమార మజుందారు వంటివారి పౌరసత్వమును వెనుకకు లాగుకొన్నారు గూడ. కావున మా మిత్రుడు ఎక్కించు ఆ కాలపు కార్డులలో తెలుగు పేరు తగులునని ఆశించుటకు తావు స్వల్పము. ఆ సంగతి అతనికి తెలియును. అయినను ఎక్కించుచునేయున్నాడు.

మన పేర్లున్న పుస్తకములు వేరు. 1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ మద్రాసునుండి 342 మందితో దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరినది మొదలు, 1911 వరకు నేటాల్‌కు పోయిన కూలీలు 1,52,184 మంది. మూడింట రెండు వంతులు మద్రాసులో ఓడ యెక్కినవారే; విశాఖపట్టణము, గంజాము, గోదావరి జిల్లాలవారు వారిలో వేలకొలది గలరు. వరుససంఖ్య, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, దేహముపై గుర్తులు: ఆ పట్టికల గళ్లు ఇవి. నేడు అవి పేరు కొట్టి వెదకుకొనదగిన రూపమున లభించుచున్నవి. మారిషస్‌లోని మోకా పట్టణమున మహాత్మాగాంధీ సంస్థ అట్టి వలసపుస్తకములనే భద్రపరచియున్నది; 2025 మార్చిలో భారతప్రభుత్వము మారిషస్‌లోని భారతసంతతివారికి ఏడవ తరము వరకు ఓసీఐ కార్డునకు వీలు కల్పించుటతో, కోరంగి రేవున ఓడయెక్కిన ముత్తాత తాతను వెదకుట వేడుక మాత్రమే గాక వ్యవహారముగూడ అయినది.

ఇచ్చట ఒక కటువైన మాట చెప్పక తప్పదు. వంశము చెప్పుటలో మనము దరిద్రులము కాము. రెడ్ల గోత్రములను, ఇండ్లపేర్లను గడగడ అప్పగించు పిచ్చుకుంట్లవారు, నేడు వంశరాజులని గౌరవముగా పిలువబడువారు, మనకు గలరు. కాశీలోను హరిద్వారమునను వచ్చిపోయిన యాత్రికుల తాతముత్తాతలను వహీలలో దాచిన పండాలు గలరు. హరిద్వారపు వహీలను ఆ యూటావారే ఫిల్ములకెక్కించిరి. కర్నల్ మెకంజీ కొరకు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఊరూర తిరిగి కూర్పించిన కైఫీయత్తులు గలవు. కాని ఆ కైఫీయత్తులలో కొండవీటి రాజులును, గుడి మాన్యములును, కరణముల మిరాశీలును ఎంత విరివిగా నున్నవో, పొలము దున్నిన పాలేరు పేరు అంత అరుదు. మాల మాదిగల యింటి బిడ్డకు, పేరు, తండ్రిపేరు, ఊరు, ఈడు, ఎడమమోకాలిపై మచ్చతో సహా వ్రాసి కాగితమిచ్చినవాడు కూలీల దళారీ వెనుక కూర్చున్న గుమాస్తా. దయతో కాదు, పారిపోయినచో పట్టుకొనుటకు. ఆ సంగతి మరువకుండనే ఆ పుస్తకములను తెరువవలెను.

ఖతార్ విషయమునకు వచ్చెదను.

దోహా మెట్రోలో ఆకుపచ్చ మార్గమున పోయినచో ఖతార్ జాతీయ గ్రంథాలయము పేరనే ఒక స్టేషనున్నది. రెమ్ కూల్‌హాస్ రూపకల్పన చేసిన ఆ భవనము, అంచులు పైకెత్తి మడచిన యొక పెద్ద విస్తరివలె నుండును. 2018 ఏప్రిల్‌లో అమీర్ దానిని లాంఛనముగా ప్రారంభించెను. లోపల పుస్తకముల మెట్లమధ్య, త్రవ్వకములలో బయల్పడిన పురాతన గృహమా యన్నట్లు, నేలమట్టమునకు ఆరు మీటర్లు దిగువగా లేతపసుపు రాతిగోడల వారసత్వ గ్రంథాలయమున్నది. మొదటిసారి పైనుండి తొంగిచూచినపుడు నాకు మన మెట్లబావులు స్ఫురించినవి. ఈ గ్రంథాలయము, ఖతార్ ఫౌండేషన్, లండనులోని బ్రిటిష్ లైబ్రరీ కలిసి 2014 అక్టోబరులో ఖతార్ డిజిటల్ లైబ్రరీని తెరచినవి. తొలివిడతలోనే అయిదు లక్షల పుటలు. దానికి ప్రాణము మన ఇండియా ఆఫీసు దస్త్రములు. ఆశ్చర్యపడనక్కరలేదు. గల్ఫ్ రేవులను బ్రిటిష్‌వారు ఏలినది బొంబాయినుండి, కలకత్తానుండి, ఢిల్లీనుండి. బూషైర్‌లోని రెసిడెంటు, బహ్రైన్‌లోని పొలిటికల్ ఏజెంటు ఇండియా ప్రభుత్వపు ఉద్యోగులు. 1966 వరకు ఈ దేశమున చెల్లిన నాణెము రూపాయి.

ఆ పుటలలో ఆ కాలపు భారతీయులు సింధు, కచ్ఛ్, గుజరాతు ప్రాంతముల వర్తకులు. ముత్యములకు పెట్టుబడి పెట్టినవారు. 1882లో ఖతార్ పాలకుడు షేక్ జాసిమ్ బనియాలను దోహానుండి వెడలగొట్టుట, బ్రిటిష్‌వారు నష్టపరిహారము రాబట్టుట దస్త్రములకెక్కినవి. 1916 నవంబరు 3న బ్రిటిష్ ప్రతినిధి పెర్సీ కాక్స్‌తో ఒడంబడిక చేసికొన్న ఖతార్ పాలకుడు షేక్ అబ్దుల్లా, బ్రిటిష్ ప్రజలు వచ్చి నివసించుటకు సంబంధించిన అధికరణము సహా మూడింటి అమలునుండి మినహాయింపు పొందెను. పరాయివాని నివాసము ఇక్కడ ఆనాటినుండియే సున్నితమైన ప్రశ్న.

కాని అమెరికావారి పౌరసత్వపత్రమునకు ఈ గడ్డమీద నిజమైన తోబుట్టువు వర్తకుల దస్త్రము కాదు, దాస్యవిమోచన పత్రము. ముత్యములవేటలో నీటమునుగు బానిసలు యజమానుల యింటినుండి పారిపోయి బహ్రైన్‌లోనో షార్జాలోనో బ్రిటిష్ ప్రతినిధి కార్యాలయమునకు చేరినచో, గుమాస్తా వారి వాఙ్మూలము వ్రాసికొనును: పేరు, ఈడు, పుట్టినచోటు, బలూచీ యగుదురో హబ్షీ యగుదురో, ఎవరు ఎత్తుకొనిపోయిరి, ఎవరికి అమ్మిరి, ప్రస్తుతపు యజమాని ఎవరు, ఎందుకు పారిపోయిరి. విచారణ ముగిసినపిదప, ఇతడు స్వతంత్రుడని పత్రమిచ్చెదరు. ఇరువదవ శతాబ్దపు మొదటి నలుబదియేండ్లలో ఇట్టివి వందలుగలవు. పుట్టిన ఊరి పేరు తెలిసి చెప్పినవారు కొందరు. పసితనమున ఎత్తుకొనిపోబడి, తల్లిపేరు తప్ప మరేమియు ఎరుగనివారు కొందరు. ఖతార్‌లో దాస్యము శాసనముచే తొలగినది 1952లో. దోహా నడిబొడ్డున ముషేరెబ్‌లో బిన్ జల్మూద్ గృహమను ప్రదర్శనశాల ఈ చరిత్రను దాచక చెప్పుచున్నది. అరబ్బుదేశములలో అట్టి ధైర్యము అరుదు.

ఈ పత్రములనుగూడ మా మిత్రునివంటివారు గూర్చుండి పేరు పేరున ఎక్కించినచో ఎంత బాగుండునని నేను మొదట ఉత్సాహపడితిని. లండనులో ఈ దస్త్రములనుండియే ఫామిలీస్ ఇన్ బ్రిటిష్ ఇండియా సొసైటీ సభ్యులు 1998 మొదలు తమ తెల్లపూర్వికుల జ్ఞానస్నానములను, వివాహములను, సమాధులను స్వచ్ఛందముగా ఎత్తివ్రాసికొనుచున్నారు గదా. బానిసల పేర్లు మాత్రమేల ఫైలు శీర్షికల వెనుక నిలిచిపోవలెను? తరువాత కొంత వెనుదీసితిని. పెన్సిల్వేనియా కూలివాని మనుమడు తాతపేరు దొరకినచో పటము కట్టించుకొనును. ఇక్కడ, తెగపేరే మనిషికి ఇంటిపేరు, వాకిలి, పరువు అయిన సమాజమున, తాత విమోచనపత్రము దొరకుట మనుమనికి వరమో శాపమో దూరపు గదిలో కూర్చుండి మనము నిర్ణయింపజాలము. దస్త్రము అందరికిని తెరచియే యున్నది, వెదకువాడు వెదకుకొనును. పేరునొక్కి పిలుచు సూచిక మాత్రము, ఆ యిండ్లవారే కోరి కూర్చుకొన్ననాడు కూర్చవలసినది. ఈ విషయమున మా మిత్రునకు నాకు మతభేదము కలదు. "పేరు ఉన్నదంటే మనిషి ఉన్నట్టు సార్. సిగ్గు వాళ్లకెందుకు, కొన్నోనికి ఉండాలె" అనును. అతని మాటకు నాయొద్ద సమాధానము లేదు. నా భయమును అట్లే యున్నది.

తాత ఎచ్చట పుట్టెనను ప్రశ్న ఇక్కడ ఎంత బరువైనదో చట్టము తెరచి చూచినచో తెలియును. 1930కి పూర్వము ఖతార్‌లో నివసించి, 1961 నాటి జాతీయతాశాసనము వచ్చువరకు నివాసము విడువక, పౌరసత్వము నిలుపుకొన్నవారు మూలపౌరులు, వారి సంతతియు అట్టివారే అని 2005 నాటి 38వ శాసనము. 1930 అనగా ముత్యముల వ్యాపారము కూలుటకు ఆరంభించిన కాలము, దుఖాన్‌లో చమురు పడుటకు ముందటి కాలము. ఆకలియేండ్లలో నోటికి బుక్క దొరకక బహ్రైన్‌కో సౌదీతీరమునకో తరలినవారెందరో. మిగిలినవారికి, అనగా మనవంటివారికి, ఎడతెగని 25 యేండ్ల నివాసము, ఏడాదిలో రెండు నెలలకు మించని గైరుహాజరు, అరబ్బీ పరిజ్ఞానము, సత్ప్రవర్తన, ఇవన్నియు ఉన్నప్పుడు అడుగుకొను అర్హత మాత్రము. 2021 అక్టోబరులో ఖతార్ సలహాసభయైన షూరా మండలికి తొలిసారి ఎన్నికలు జరిగినపుడు, పౌరసత్వము పొందినవాని వంశీయుడు ఓటు వేయవలెనన్నచో తాత ఖతార్‌లో పుట్టియుండవలెనని నియమము. దానిపై అల్ ముర్రా తెగవారు నిరసన తెలిపిరి. 2024 నవంబరున ప్రజాభిప్రాయసేకరణముతో ఆ యెన్నికల పద్ధతియే తొలగినది. ఎన్నిక పోయినది గాని, తాతను గురించిన ప్రశ్న పోయినదని చెప్పువాడెవడు?

మన సంగతి వేరు. కరీంనగరము, నిజామాబాదు పల్లెలలో, దోహాకు వచ్చినను మస్కట్టుకు వచ్చినను "దుబాయి పోయిండు" అనియే అందురు. పోయినవాడు తిరిగి రావలసినవాడే. పౌరసత్వార్జీ, ఇద్దరు సాక్షులు, ప్రభుభక్తి విడనాడుట, ఇవేవియు అతనికి లేవు. అతని ఆనవాలు బతాకా, అరబ్బువారి గుర్తింపుకార్డు. గడువు తీరినపుడు అది తిరిగి యిచ్చివేయవలసినదే. నా బతాకాయందు నా ఇంటిపేరే పేరుగను, నా పేరు తండ్రిపేరుగను అచ్చుపడినవి. ఎవరో ఒక దళారీ కార్యాలయపు పిల్లవాడు పాస్‌పోర్టు చూచి అటుదిటు చేసినాడు. బ్యాంకులో, ఆస్పత్రిలో నన్ను ఇంటిపేరుతో పిలుచునపుడు, చనిపోయిన మా పెదతాత వెనుక నిలిచియున్నాడేమో అని తిరిగిచూచిన దినములున్నవి. సరిచేయించుకొనుటకు మూడు కార్యాలయములు తిరిగి మానుకొంటిని.

ఈ సంగతి చెప్పగా మా మిత్రుడు నవ్వి, తన హాజరుపట్టిక తెరచి చూపినాడు. అందొక గంగరాజము రెండు ముక్కలై, రెండవ ముక్కకు తండ్రిపేరు అంటుకొని, మూడవ ముక్క లేకపోయినది. "వీడు మా పక్కూరోడే సార్. వాళ్ల అయ్య పేరు తెలుసు, తాత పేరు తెలుసు. అయినా బతాకల ఏమున్నదో అదే గొట్టాలె. ఒక్క అక్షరం మారిస్తే బ్యాంకుల జీతం పడది." 2015 నుండి కూలీల జీతము బ్యాంకుల ద్వారానే చెల్లవలెనని ఇక్కడి కట్టడి; పేరు పేరుతో కుదరవలెను. ఆరు దినములును అతడు పాటించు నియమము, ఏడవనాటి నియమమే. చూచినది చూచినట్లు.

"మఱి నీ వారినెవరినైన వెదకితివా?" అని యడిగితిని.

"మా తాత భీమండి పోయిండట సార్, మగ్గం పనికి. ఏ యేడో తెల్వది. అక్కడ్నే సచ్చిపోయిండు. అక్కడ ఏం రాసిండ్రో, ఎవలు రాసిండ్రో." అని కొంతసేపు ఊరకుండి, "రాసుంటే ఎప్పుడన్న ఎవలో ఒకలు ఎక్కిస్తరు గద" అనెను.

మసీదునుండి ఖుత్బా వినవచ్చుచుండెను. వంటగదిలో ఎవరో తిరుగమాత పెట్టిరి. అతడు ముగించిన కట్టను పంపివేసి క్రొత్త కట్ట తెరచెను. ఇంకొక గనికూలీ, ఓడ బ్రెమెన్‌నుండి బయలుదేరినది. పేరు, పుట్టిన సంవత్సరము, రేవు, తేది, ఒక్కొక్కటియు గడులలో పడినవి. ఆపైన అతని వ్రేళ్లు ఆగినవి గాని కన్నులు కాగితముపైననే యుండెను.

"ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు. కండ్లు నీలం. ఎడమచేతికి చూపుడువేలు లేదట సార్." మరల ఒకసారి దగ్గరగా చూచి, "దీనికి మన ఇండెక్సుల గడి లేదు" అని, అయినను ఆ పంక్తిని చివరివరకు పైకి చదివెను.